జర్నల్ ఎడిటర్‌గా చేరుతున్న మా మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. పంటల శాస్త్రం జర్నల్ వాళ్లు నిన్ను అసోసియేట్ ఎడిటర్‌గా ఉండమన్నారని, కాలేజీలో బాటనీ క్లాసులు, ప్రాక్టికల్స్, ఇంట్లో పిల్లలు, వీటన్నిటి నడుమ ఈ పని మోయగలనా అని అడిగావు. మోయగలవు. ఒప్పుకో. రూపాయి రాదు, పేరు కూడా పెద్దగా రాదు, ఆ సంగతి ముందే తెలుసుకొని ఒప్పుకో. మన యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పరిశోధన చేసేవాళ్లు బాగానే ఉన్నారు. వాళ్లు చేసిన పనిని ఓపికగా చదివి, ఇది నిలబడుతుంది, ఇది నిలబడదు, ఎందుకంటే ఇదుగో అని చెప్పేవాళ్లే కరువు. నీకు ఆ ఓపిక ఉంది. ఎమ్మెస్సీలో ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక అంకె తేడాగా కనబడితే అది తేలేదాకా నువ్వు అన్నం తినవు.

ముందు ఒక మాట చెప్తాను, మిగతావన్నీ దాని వెంబడి వచ్చేవే. నిర్ణయం నీది. ఆ నిర్ణయానికి కారణం నీ మాటల్లో, నీ పేరు కింద రాసి ఉండాలి. చాలామంది ఎడిటర్లు ఇద్దరు రివ్యూయర్ల (పేపర్ చదివి మంచిచెడ్డలు చెప్పే, ఆ రంగం తెలిసినవాళ్ల) రిపోర్టులు తీసుకొని, కింద రెండు ముక్కలు అతికించి రచయితకు పంపించేస్తారు. ఆ పనికి మనిషి అక్కర్లేదు. రివ్యూయర్లు సలహా ఇస్తారు, అంతే. వాళ్లిద్దరూ అచ్చేయమన్నా పేపర్‌లో లోపం నీకు కనబడితే ఆపాలి. ఇద్దరూ వద్దన్నా వాళ్లు చెప్పిన కారణాల్లో పస లేకపోతే మూడో మనిషిని అడగాలి. "రివ్యూయర్లు వద్దన్నారు కాబట్టి" అని ఏ ఉత్తరంలోనూ రాయకు.

పేపర్ చేతికి రాగానే అబ్‌స్ట్రాక్ట్‌తో, అంటే ముందుండే సారాంశంతో మొదలుపెట్టకు. పట్టికలతో మొదలుపెట్టు. అబ్‌స్ట్రాక్ట్ చదివితే రచయిత నిన్ను ఏం నమ్మమంటున్నాడో తెలుస్తుంది. పట్టిక చూస్తే పొలంలో ఏం జరిగిందో తెలుస్తుంది. రెండోదాన్ని ముందు చూస్తే మొదటిదాని ప్రభావం నీ మీద పడదు.

మిరప మీద ఒక ప్రయోగం వచ్చిందనుకో. ఏడు ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే మందులో, ఎరువులో), ఒక్కోదానికి మూడు రెప్లికేషన్లు (మళ్లీ మళ్లీ వేసిన ప్లాట్లు), రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో, అంటే చేనును బ్లాకులుగా విడదీసి వేశామని మెథడ్స్‌లో రాశారు. అలాంటప్పుడు ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (కారణం తెలియని తేడాను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర అంకెల సంఖ్య), ఏడులో ఒకటి తీసిన ఆరును మూడులో ఒకటి తీసిన రెండుతో గుణిస్తే వచ్చే 12 ఉండాలి. కిందికి వచ్చి అనోవా (తేడాలను కారణాల వారీగా విడదీసే లెక్క) పట్టిక చూస్తే అక్కడ 14 అని ఉంటుంది. ఈ 14 ఎక్కడిది? ఏడును రెండుతో గుణిస్తే వచ్చింది. అంటే పొలంలో బ్లాకులుగా వేశారు, లెక్కలో మాత్రం ఆ బ్లాకులను వదిలేసి కంప్లీట్లీ రాండమైజ్డ్ డిజైన్‌గా లెక్కగట్టారు. చేనులో ఒక పక్క నల్లరేగడి, ఇంకో పక్క చెల్క నేల ఉందని, ఆ తేడాను వేరు చేయడానికే బ్లాకులు చేసుకుంటారు. చివరికి దాన్నే మరచిపోతే ఏ మందుకు, ఏ ఎరువుకు నిజమైన తేడా ఉందో తేల్చే క్రిటికల్ డిఫరెన్స్ మొత్తం మారిపోతుంది. ఇలాంటివి ఎక్కువసార్లు మోసం కావు. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆప్షన్ బదులు ఇంకోటి నొక్కి ఉంటారు. కాగితం, పెన్ను పెట్టుకొని పది నిమిషాలు కూర్చుంటే నీకే దొరుకుతుంది. ఇది పట్టుకోకుండా రివ్యూయర్‌కు పంపితే ఆయన నెల రోజులు తీసుకొని డిస్కషన్ బాగుందని రాస్తాడు.

ఇంకో చిన్న లెక్క చెప్తాను, ఇది సర్వే పేపర్లకు బాగా పనికొస్తుంది. 20 మంది రైతులను ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమన్నాం, సగటు 3.47 వచ్చింది అని రాస్తారు. పూర్ణాంకాలను కూడి 20తో భాగిస్తే 3.45 రావచ్చు, 3.50 రావచ్చు, 3.47 మాత్రం ఎట్లా చేసినా రాదు. అలాగే 25 మందిలో 33 శాతం అని రాస్తారు. ఎనిమిది మంది అయితే 32 శాతం, తొమ్మిది మంది అయితే 36. మధ్యలో మనిషి లేడు. అయితే బిడ్డా, ఇక్కడ ఆవేశపడకు. ఆ 20 మందిలో ఒకరు ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదనుకో. అప్పుడు 19 మందికి మొత్తం 66 మార్కులు వస్తే సగటు, రెండు దశాంశాలకు రాస్తే, 3.47. ఆ 25 మందిలో ఒకరు తప్పుకుంటే 24లో ఎనిమిది మంది, 33 శాతం. అంటే లెక్క సరైనదే, జవాబు ఇవ్వనివాళ్ల సంగతి రాయడం మరచిపోయారు. అందుకే ముందు అడుగు, ముడి డేటా చూపించమను. ఇచ్చే జవాబును బట్టి ఆ తర్వాతి అడుగు వెయ్యి. డేటా అడిగితే నొచ్చుకునేవాళ్లు ఉంటారు. అయినా అడగాలి. 2002లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త దొంగ డేటా వ్యవహారం బయటపడినప్పుడు, వేరువేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫుల్లో నాయిస్ (కొలతల్లో వచ్చే చిన్న చిన్న ఒడిదుడుకులు) కూడా అచ్చం ఒకేలా ఉందని తేలింది. ఆ పేపర్లను అచ్చేసింది నేచర్, సైన్స్ లాంటి పెద్ద జర్నళ్లు. పెద్ద పేరు ఉన్న చోట ఎవరో ఒకరు చూసే ఉంటారని అందరూ అనుకున్నారు. ఆ అనుకోవడం నీ దగ్గర ఉండకూడదు.

పనికిరాదని నీకు మొదటి వారంలోనే తేలిన పేపర్‌ను మొదటి వారంలోనే తిప్పి పంపు. మొహమాటపడి రివ్యూకు పంపి, ఐదు నెలల తర్వాత కాదనడం పెద్ద అన్యాయం. అవతల ఉన్నది ఒక స్కాలర్. ఫెలోషిప్ గడువు ముంచుకొస్తుంటుంది, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటాయి, గైడ్ రిటైర్ అవడానికి దగ్గర పడుతుంటాడు. మా దగ్గర వద్దు, ఫలానా రకం జర్నల్‌కు పంపుకో, పంపేముందు ఇది సరిచేసుకో అని త్వరగా చెప్తే, కాదన్నా అది ఒక సాయమే.

ఇంగ్లిష్ ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. పదో తరగతిదాకా, ఇంటర్‌దాకా తెలుగు మీడియంలో చదివి, కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు పంపే పేపర్లు నీ ముందుకు వస్తాయి. ఆర్టికల్స్ సరిగా ఉండవు, టెన్స్ మారిపోతుంది. దాన్ని చూసి ముఖం ముడుచుకునే ఎడిటర్లు ఉన్నారు, వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. భాషను కాపీ ఎడిటర్ బాగుచేస్తాడు. పొలంలో మూడు సీజన్లు నిలబడి తెచ్చిన డేటాను ఎవరూ తిరిగి తీసుకురాలేరు. ఏం చేశారో నీకు అర్థమైతే చాలు, ముందుకు పంపు. ఏం చేశారో అర్థం కాకపోతే ఇంగ్లిష్ బాగోలేదని రాయకు. ఏ వాక్యం దగ్గర, ఏం తెలియలేదో చూపించి అడుగు.

మెథడ్స్ భాగం దగ్గర మాత్రం గట్టిగా ఉండు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చేశారు. నూరేళ్ల తర్వాత కూడా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఆ పేరుతో ఆ పద్ధతి నడుస్తోంది. ఏ రియేజెంట్ ఎంత కలపాలి, రంగు ఎప్పుడు చదవాలి అన్నది ఇంకొకరు చేసుకునేలా లేకపోతే అది అంత దూరం వచ్చేదే కాదు. నీ దగ్గరికి వచ్చే ప్రతి పేపర్‌కూ ఆ పరీక్ష పెట్టు. మందు ఎంత డోసు, ఏ కంపెనీ ఫార్ములేషన్, పంట ఎన్ని రోజులప్పుడు కొట్టారు, నీళ్లు ఎన్ని కలిపారు, వాన ఎప్పుడు పడింది. జగిత్యాలలో ఒక స్కాలర్ దాన్ని చదివి మళ్లీ చేయగలగాలి. "స్టాండర్డ్ ప్రొసీజర్ ప్రకారం" అన్న ముక్క కనబడితే చాలు, ఏ ప్రొసీజర్, ఎవరిది అని మార్జిన్‌లో రాసెయ్యి.

రివ్యూయర్లను వెతకడమే అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. పది మందిని అడిగితే ఇద్దరు ఒప్పుకుంటారు, అందులో ఒకరు గడువు దాటినా పంపరు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల వెంట పడకు. ఆ పేపర్‌లో వాడిన టెక్నిక్‌ను ఈ రెండు మూడేళ్లలో తమ చేతులతో చేసినవాళ్లను వెతుకు. పీహెచ్‌డీ అయిపోయి పోస్ట్‌డాక్‌లో ఉన్న పిల్లలు రాసే రివ్యూలు చాలాసార్లు ప్రొఫెసర్ల వాటికన్నా లోతుగా ఉంటాయి, ఎందుకంటే ఆ పరికరం ఎక్కడ మొరాయిస్తుందో వాళ్లకే తెలుసు. రచయిత తానే రివ్యూయర్ల పేర్లు ఇస్తే, ఆ ఈమెయిల్ అడ్రసులను గుడ్డిగా నమ్మకు. సంస్థ వెబ్‌సైట్‌లోకి పోయి సరిచూడు. 2014లో సేజ్ అనే ప్రచురణ సంస్థ తన వైబ్రేషన్ జర్నల్ ఒకదాంట్లో 60 పేపర్లను ఒక్కసారి వెనక్కి తీసుకుంది. దొంగ పేర్లతో రివ్యూయర్ ఖాతాలు తెరిచి, తమ పేపర్లకు తామే రివ్యూలు రాసుకున్నారని బయటపడింది.

రివ్యూ వచ్చాక దాన్ని యథాతథంగా పంపే ముందు చదువు. "ఈ రచయితకు ఓనమాలు రావు" అన్నట్టు రాసే మహానుభావులు ఉంటారు. శాస్త్రానికి సంబంధించిన విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా ఉంచు, మనిషిని కించపరిచే మాటలుంటే మార్చి పంపమని రివ్యూయర్‌ను అడుగు. తన పేపర్లు ఐదో ఆరో సైట్ చేయమని, అంటే ఉదహరించమని, లిస్టు ఇచ్చేవాళ్లు ఇంకో రకం. వాటిలో పనికొచ్చేది ఉంటే ఉంచు, లేకుంటే వాటిని పట్టించుకోనక్కర్లేదని రచయితకు నీ ఉత్తరంలో సూటిగా రాయి. రచయిత భయపడి అన్నీ చేర్చేస్తాడు, ఆ భయం తీయగలిగింది నువ్వొక్కదానివే. రివ్యూ రాసినవాళ్లకు మాత్రం ప్రతిసారీ కృతజ్ఞతగా నాలుగు మాటలు రాయి, చివరికి ఏ నిర్ణయం తీసుకున్నావో కూడా చెప్పు. ఒక్క పైసా తీసుకోకుండా ఆదివారం పూట కూర్చుని చేసిన పని అది.

పేరున్నవాళ్ల దగ్గర జంకకూడదని చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదంతం ఒకటి ఉంది. 1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్‌తో కలిసి గ్రావిటేషనల్ వేవ్స్ (గురుత్వ తరంగాలు) లేవని తేల్చే పేపర్‌ను ఫిజికల్ రివ్యూ అనే జర్నల్‌కు పంపాడు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని రివ్యూకు పంపి, లోపాలు చూపించిన రిపోర్టును ఐన్‌స్టీన్‌కు తిప్పి పంపాడు. అచ్చుకు ముందు ఎవరికో చూపించమని మేము చెప్పలేదే అని ఐన్‌స్టీన్ కోపగించుకొని పేపర్ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఇంకో జర్నల్‌లో అది వచ్చేసరికి పేపర్ తేల్చిన విషయమే తారుమారై ఉంది. రివ్యూయర్ మాటే నిజమైంది. టేట్ ఆనాడు భయపడి నేరుగా అచ్చేసి ఉంటే, తప్పు ఐన్‌స్టీన్ పేరు మీదే మిగిలిపోయేది. పెద్దవాళ్లను గౌరవించడమంటే అందరి పేపర్లలాగే వాళ్లదీ చదవడం.

ఇక నిర్ణయం రాసే ఉత్తరం. నన్నడిగితే ఎడిటర్ పనంతా ఇందులోనే ఉంది, ఎక్కువ టైమ్ దీనికే పెట్టు. మొదటి వాక్యంలోనే నిర్ణయం చెప్పు. మీ పరిశోధన ఎంతో ఆసక్తికరంగా ఉంది అని మొదలుపెట్టి రెండో పేజీలో కాదనడం మర్యాద కాదు, చదివేవాడి గుండె దడ పెంచడం. ఆ తర్వాత పేపర్‌లో ఏముందని నువ్వు అర్థం చేసుకున్నావో రెండు వాక్యాల్లో రాయి. నువ్వు నిజంగా చదివావని రచయితకు అక్కడే తెలుస్తుంది, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అదీ అక్కడే తేలుతుంది. తర్వాత రివ్యూయర్ల మాటలను విడదియ్యి. వీటిలో ఇవి చేయకపోతే అచ్చు కాదు, ఇవి చేస్తే మంచిది, ఇవి అక్కర్లేదు అని చెప్పు. ఒక రివ్యూయర్ రెండో సంవత్సరం కూడా ప్రయోగం చేయాలంటాడు, ఇంకొకాయన ఉన్న డేటాతోనే పేపర్‌ను సగానికి కుదించమంటాడు. రెండూ పంపి ఊరుకుంటే ఆ స్కాలర్ ఎవరి మాట వినాలి? నువ్వు ఒక పక్క నిలబడి ఇలా రాయాలి: "రెండో సీజన్ డేటా లేకుండా ఈ మోతాదును రైతులకు సిఫారసు చేయలేం. అందుకని రెండో సీజన్ డేటా ఉంటే చేర్చండి. లేకపోతే సిఫారసు తీసేసి, ఒక్క సీజన్ పరిశీలనగా రాయండి, దాన్నీ తీసుకుంటాం." ఇప్పుడు అతనికి తొవ్వ దొరికింది. ఏం చేస్తే ఏమవుతుందో తెలిసింది.

ఎన్నటికీ తీసుకోలేని పేపర్‌కు మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమనే అవకాశం, ఇవ్వకు. చేదు మాట వాయిదా వేయాలని మనసు పీకుతుంది, నాకు తెలుసు. కానీ ఆరు నెలలు అదనపు పని చేయించుకొని తర్వాత కాదంటే, ఆ ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు? అలాగే మారుస్తూ పోయే గడువులు, ప్రతి రౌండ్‌లో కొత్త అభ్యంతరాలు వద్దు. మొదటి రౌండ్‌లో అడగాల్సింది మొదటి రౌండ్‌లోనే అడగాలి.

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఎంత పెద్దగైనా మనుషులంతా తెలిసినవాళ్లే. పెళ్లిలో భోజనం దగ్గర కూర్చుంటే పక్కాయన, "మా అల్లుని పేపర్ మీ దగ్గరే ఉందట కదమ్మా" అంటాడు. ముందే జవాబు సిద్ధం చేసుకో. ఉందని చెప్పకు, లేదనీ చెప్పకు. "జర్నల్ విషయాలు బయట మాట్లాడనన్నా, ఏదైనా ఉంటే వాళ్లకే మెయిల్ వస్తది" అని నవ్వుతూనే చెప్పి పప్పు వడ్డించమను. నీ గైడ్‌ది, నీ కాలేజీవాళ్లది, నువ్వు కలిసి పేపర్ రాసినవాళ్లది, బంధువులది ఏది వచ్చినా ఎడిటర్-ఇన్-చీఫ్‌కు ఆ రోజే రాసి పక్కకు తప్పుకో. నేను న్యాయంగానే చూస్తాను కదా అని అనుకోవద్దు. నువ్వు న్యాయంగా చూసినా, ఆ పేపర్ మీద తర్వాత ఎవరైనా వేలు చూపిస్తే నష్టపోయేది దాన్ని రాసిన మనిషి.

మీద నుంచి వచ్చే ఒత్తిడి ఇంకోటి ఉంది. పేపర్‌కింత అని రచయిత దగ్గర డబ్బు తీసుకునే జర్నల్ అయితే, ఈసారి ఇన్ని పేపర్లు రావాలి, స్పెషల్ ఇష్యూలు పెంచండి అంటారు. పైలం. స్పెషల్ ఇష్యూల్లో గెస్ట్ ఎడిటర్లకు తాళాలు అప్పజెప్పి చూడకపోతే ఏమవుతుందో హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్లను చూసి ప్రపంచమంతా నేర్చుకుంది. 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాటిలో చాలా వరకు పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాల పని. వాటిని గుర్తుపట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. యాక్సెప్ట్ అయ్యాక కొత్త రచయితల పేర్లు చేర్చమని అడగడం ఒకటి, అలా అడిగితే ప్రతి పేరుకూ ఏం పని చేశారో రాతపూర్వకంగా తీసుకో. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా మాటలు మార్చి రాయడం ఇంకోటి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని, బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట బూజమ్ పెరిల్ అని రాసినవి అచ్చైపోయాయి. ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, వాళ్ల తోటివాళ్లు 2021లో ఈ సంగతిని వెలుగులోకి తెచ్చారు. అలాంటి పదం ఒక్కటి కనబడితే ఆగి, మొత్తం పేపర్‌ను మొదటి నుంచీ చదువు. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సిమిలారిటీ రిపోర్టులో పాత రాతలతో పోలిక శాతం తక్కువుందని సంబరపడకు, ఎక్కువుందని ఉరిమి పడకు. 2018లో యూజీసీ పది శాతం దాకా సరేనంది గానీ, ఆ పది శాతం మెథడ్స్‌లో ఉందా, ఫలితాల్లో ఉందా అన్నది మనిషి చూసి తేల్చాల్సిందే.

పేర్ల దగ్గర ఇంకో సంగతి. మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ పెట్టిన నియమాలు మన పంటల జర్నళ్లకూ సరిపోతాయి. పనిలో నిజమైన పాలు ఉండాలి, రాతలో పాలు ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించి ఉండాలి, తప్పు వస్తే జవాబు చెప్పడానికి ఒప్పుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంట్ అయినంత మాత్రాన పేరు రాదు. ప్లాట్లలో ఎండకు నిలబడి కొలతలు తీసిన అమ్మాయి పేరు చివర థ్యాంక్స్‌లోకి జారిపోయిందని నీకు అనుమానం వస్తే అడుగు. ఎడిటర్ అడిగితే తప్ప ఆ అమ్మాయి తరఫున అడిగేవాళ్లు లేరు.

అచ్చైన పేపర్ తప్పని తేలితే ఆలస్యం చేయకు. 12 మంది పిల్లలను చూపించి టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య జర్నల్ 1998లో వేసింది, పూర్తిగా వెనక్కి తీసుకుంది 2010లో. ఆ పన్నెండేళ్లలో ఎంతమంది తల్లులు పిల్లలకు టీకా వేయించడానికి భయపడ్డారో ఆలోచించు. అదే లాన్సెట్ 2020 మే 22న వేసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపర్‌ను జూన్ 4కల్లా తీసేసింది, డేటా చూపించమంటే చూపించలేకపోయారు కాబట్టి. త్వరగా చేయడం సాధ్యమేనని అర్థమైంది కదా. ఎవరైనా తప్పుందని రాస్తే, రాసినవాళ్లు ఎవరన్నది పక్కన పెట్టి, వాళ్లు చూపించిన అంకెను చూడు. ముందు రచయితకు రాయి, గడువు పెట్టు. జవాబు రాకపోతే వాళ్ల సంస్థకు రాయి. కోప్ (కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్) అనే సంస్థ 1997 నుంచి ఎడిటర్లకు దారి చూపిస్తోంది, ఏ పరిస్థితిలో ఏం చేయాలో వాళ్ల ఫ్లోచార్టుల్లో వరుసగా ఉంటుంది, అవి దగ్గర పెట్టుకో. నిజాయితీగా జరిగిన పొరపాటు అయితే నోటీసులో ఆ మాట స్పష్టంగా రాయి. తమ తప్పు తామే పట్టుకొని వచ్చి చెప్పిన రచయితకు రిట్రాక్షన్, అంటే పేపర్‌ను వెనక్కి తీసుకోవడం, మచ్చ కాకూడదు.

ఇప్పుడు నా మనసుకు దగ్గరి మాట. ఏ మందూ పని చేయలేదని చెప్పే పేపర్లను ఆదరించు. 2021లో నల్ల తామర పురుగు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిరప తోటల మీద పడ్డప్పుడు నీకు యాది ఉంది కదా, పూతలోకి దూరి పిందె నిలవనీయలేదు. రైతులు దుకాణంవాళ్లు ఏది ఇస్తే అది తెచ్చి, వారానికొకటి మార్చి కొట్టారు. కొన్ని చోట్ల తోటలు దున్నేశారు. ఏనుమాముల మార్కెట్‌కు పోయి అడుగు, ఇప్పటికీ ఆ ఏడాది అప్పు కథలే చెప్తారు. ఫలానా మందు ఫలానా మోతాదులో ఈ పురుగును ఆపలేదు అని పద్ధతిగా చేసిన ఒక్క ప్రయోగం అచ్చైతే, ఎన్ని వేల రూపాయలు చేనులో కలిసిపోకుండా మిగులుతాయి! కానీ అలాంటి పేపర్ వస్తే రివ్యూయర్లు కొత్తదనం లేదంటారు, ఫలితం లేదంటారు. ఫలితం ఉంది. పని చేయదు అన్నదే ఫలితం. ప్రయోగం సరిగా చేశారా, పురుగులను సరిగా లెక్కబెట్టారా, తేడా ఉంటే పట్టుకోగలిగినన్ని రెప్లికేషన్లు ఉన్నాయా అని చూడు. ఉంటే రివ్యూయర్‌ను కాదని అయినా వెయ్యి, ఎందుకు వేస్తున్నావో ఫైల్లో రాసి పెట్టు. మందు పని చేసిందన్న పేపర్లు మాత్రమే అచ్చైతే, చేయని మందులన్నీ చేసినట్టే కనబడతాయి.

మన దేశపు జర్నల్ అని చిన్నబుచ్చుకునేవాళ్ల మాట చెవిన పెట్టకు. రామన్ తన కొత్త వెలుగు సంగతిని వివరంగా అచ్చేసింది 1928లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో. బెంగళూరు నుంచి కరెంట్ సైన్స్ 1932 నుంచి వస్తోంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే జర్నల్‌లోని పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నదానికి వేసే సగటు, నీ చేతిలో ఉన్న పేపర్ విలువను అది చెప్పదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను ఒప్పుకున్న జర్నళ్ల జాబితా, కేర్ లిస్టును కూడా తీసేసింది, మంచి జర్నల్ ఏదో సంస్థలే తేల్చుకోమంది. పీహెచ్‌డీ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చై ఉండాలన్న నియమాన్ని 2022లోనే ఎత్తేసింది. అయినా ఉద్యోగం, ప్రమోషన్ అనేసరికి పేపర్ల లెక్క అడుగుతూనే ఉన్నారు, పిల్లలు ఆగమాగమై డబ్బు కట్టి దొంగ జర్నళ్లలో వేసుకుంటున్నారు. అలాంటి పేపర్లు ఒకటి రెండు ఉన్న స్కాలర్ నీ దగ్గరికి కొత్త పని తెస్తే పాతదాన్ని చూసి చిన్నచూపు చూడకు. కొత్త పనినే చూడు.

ఇంకొన్ని చిన్నవి. వారంలో రెండు పూటలు ఈ పనికని పెట్టుకో, రోజూ రాత్రి లాగిన్ అయితే ఇల్లు, క్లాసు రెండూ దెబ్బతింటాయి. తీసుకున్న ప్రతి నిర్ణయానికి నీ కోసం నాలుగు వాక్యాల నోట్ రాసుకో, రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. పేపర్‌కు అప్పీల్ వస్తే దాన్ని అవమానంగా తీసుకోకుండా వేరే ఎడిటర్‌కు చూపించమను. మాన్యుస్క్రిప్ట్‌ను ఏ ఏఐ చాట్‌లోనూ పెట్టకు, రివ్యూయర్లను కూడా పెట్టొద్దని ముందే చెప్పు, అది నీ సొత్తు కాదు. రచయితలు ఏఐ వాడి ఉంటే ఎక్కడ, దేనికి వాడారో రాయమను, దాని పేరు రచయితల వరుసలో ఉంటే తీయించు.

సందేహం వస్తే ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, పొద్దున ఆరు తర్వాత లేచే ఉంటాను. కానీ పేపర్ నాకు పంపకు, రాసినవాళ్ల పేరు, ఊరు, యూనివర్సిటీ చెప్పకు. ఏడు ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, ఎర్రర్ దగ్గర 14 ఉందత్తమ్మా అని అంకెలు మాత్రం చెప్పు. మిగతాది మనం మాట్లాడుకుందాం.

మీ బాపును, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
అత్తమ్మ